నోరెత్తితే అమ్మకేమవుద్దో!

మంగళవారం, శుక్రవారం తెల్లారగట్ల పామర్రు వైపు నుంచి బెజవాడ వచ్చే మొదటి బస్సు ఎక్కి చూడండి. కాలేజీ పిల్లలుంటారు, బట్టల షాపుల్లో పనిచేసే ఆడపిల్లలుంటారు, కూరగాయల బుట్టలతో ఆడవాళ్ళుంటారు. వాళ్ళ మధ్యలో ఒక చేతిని ఎవరికీ తగలకుండా గుండెకి ఆనించుకుని కూర్చున్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో కనపడతారు. పక్కన ఒక తోడుమనిషి. ఒళ్ళో సంచి. సంచిలో దుప్పటి, ఆస్పత్రి ఫైలు, అన్నం క్యారేజీ. ఉయ్యూరు, కంకిపాడు, పోరంకి దాటి బెంజ్ సర్కిల్ కాడ ఫ్లైఓవర్ దగ్గర దిగుతారు. అక్కడి నుంచి నడిచేవాళ్ళు నడుస్తారు, ఆటో ఎక్కేవాళ్ళు ఎక్కుతారు. పోయేది డయాలసిస్‌కి.

అట్టా దిగేవాళ్ళలో మేమూ ఉన్నాం. మా అమ్మని తీసుకుని.

ఈ పత్రికలో సొంత ఇంటి సంగతులు రాసే అలవాటు మాకు లేదు. సంపాదకీయం అంటే భూమి, కూలి, శ్మశానం దారి, హాస్టళ్ళు, అట్రాసిటీ కేసులు. ఈసారి ఇంటి సంగతే రాస్తున్నాం. కారణం ఉంది. ఈమధ్య ఏ పేటకి మీటింగుకి వెళ్ళినా, మీటింగ్ అయిపోయి జెండాలు చుట్టేసేటప్పుడు ఎవరో ఒకరు పక్కకి పిలుస్తున్నారు. "మాస్టారూ, మా ఆయనకి కిడ్నీలు పోయినయ్యంట. మిషను పెట్టాలంటన్నారు. ఏం చెయ్యమంటారు?" అని గొంతు తగ్గించి అడుగుతున్నారు. పట్టాల గురించి అందరి ముందు లేచి నిలబడి అడిగిన మనిషే ఈ మాట మాత్రం పక్కకి పిలిచి అడుగుతోంది. ఏదో తన కర్మ అన్నట్టు, తన ఇంటి గుట్టు అన్నట్టు. ఇది పక్కకి పిలిచి అడగాల్సిన మాట కాదు, మీటింగులో అడగాల్సిన మాటే అని మేం అనుకుంటున్నాం.

మా అమ్మ నలభై ఏళ్ళు నాట్లేసింది, కలుపు తీసింది, కోత కోసింది, మినుములు పీకింది. డెల్టాలో నడుం వంచి పనిచేసిన ఆడవాళ్ళకి నడుం నొప్పి ఉండదా? ఊళ్ళో ఆరెంపీ ఇచ్చే నొప్పుల బిళ్ళ వేసుకుంటేనే పొద్దున్నే లేవగలిగేది. రెండు బిళ్ళలు చీరకొంగున ముడేసుకుని చేలోకి పోయేది. నాట్ల రోజుల్లో సూది మందు కూడా వేయించుకునేది. ఆ కూలి డబ్బుల్తోనే మేం బీఈడీ చదివాం. బీపీ ఉన్న సంగతి ఎప్పటికో తెలిసింది, తెలిశాక కూడా మందులు సరిగ్గా వేసుకోలేదు. కిడ్నీ డాక్టరు ఫైలంతా చూసి, బీపీ ఉంది, ఏళ్ళ తరబడి నొప్పుల బిళ్ళలూ వాడింది, ఫలానాదే కారణం అని గట్టిగా చెప్పలేం అన్నాడు. మా చదువుకీ అమ్మ కిడ్నీలకీ లెక్క కట్టే పని మేం పెట్టుకోలేదు. అయితే ఇది చదివే కూలీ చెల్లెళ్ళకి, అక్కలకి ఒక మాట. ఆ బిళ్ళలు రోజూ మింగమాకండి. ఏడాదికి ఒకసారన్నా బీపీ, సుగరు చూపించుకోండి. రక్తంలో క్రియాటినిన్, ఒంటేల్లో ప్రోటీన్ పరీక్షలు చేయించుకోండి. కిడ్నీ జబ్బు ముదిరేదాకా నొప్పి పుట్టదు. కాళ్ళు వాచి, ఆయాసం వచ్చి, అన్నం సయించక ఆస్పత్రికి పోయేసరికి సగం కథ అయిపోతుంది.

డయాలసిస్ అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కిడ్నీలు రక్తాన్ని వడపోసి చెత్తనీ, ఎక్కువైన నీటినీ ఒంటేలుగా బయటికి పంపిస్తయి. అవి మానేసినప్పుడు ఆ పని మిషను చెయ్యాలి. చేతిలో ధమనినీ సిరనీ కలిపి కుడతారు. అప్పుడు ఆ సిర లావెక్కి మాటిమాటికీ సూదులు ఓర్చుకునేటట్టు తయారవుతుంది. దాన్ని ఫిస్టులా అంటారు. అది పనికొచ్చేటట్టు తయారవడానికి నెల, రెండు నెలలు పడుతుంది. అందాకా మెడ దగ్గర గొట్టం వేస్తారు. ఫిస్టులాకి రెండు సూదులు గుచ్చుతారు. ఒకదాంట్లోంచి రక్తం ఫిల్టరులోకి పోతుంది, శుభ్రపడి రెండోదాంట్లోంచి ఒంట్లోకి వస్తుంది. ఒక్కోసారి 4 గంటలు పడుతుంది. వారానికి 3 సార్లు అనేది చాలా దేశాల్లో ఉన్న పద్ధతి. మన దగ్గర ఎక్కువమందికి 2 సార్లతోనే సరిపెడుతున్నారు. దీంతో జబ్బు నయం కాదు. కిడ్నీ మార్పిడి జరిగిందాకా, లేకపోతే బతికినన్నాళ్ళూ చేయించుకోవాల్సిందే.

ఇక్కడే ఉంది అసలు చిక్కు. జ్వరం వచ్చి ఒక ఆస్పత్రికి పోయి, అక్కడ కసిరితే రెండోసారి ఆ గడప తొక్కం. డయాలసిస్ మనిషికి ఆ వీలు లేదు. ఈ మంగళవారం కసిరినవాడి ముందే శుక్రవారం చెయ్యి చాపాలి.

మొన్నొక శుక్రవారం జరిగింది చెప్తాం. ఆ కేంద్రం పేరు రాయం. ఎందుకు రాయమో చదివితే మీకే తెలుస్తుంది.

ఆ రోజు కొత్త కుర్రాడు వచ్చాడు. సూది ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పింది. మూడోసారి గుచ్చేసరికి లోపల రక్తం కారి మోచేతి పక్కన నల్లగా ఉబ్బింది. అమ్మ పళ్ళు బిగబట్టింది. మేం మంచం పక్కనే నిలబడి ఉన్నాం. 'బాబూ, పెద్ద టెక్నీషియన్ని పిలువు' అనాలి. నాలుగు మాటలు. మా నోట రాలేదు. ఎమ్మార్వో ఆఫీసు ముందు మైకు లేకుండా గంట మాట్లాడిన నోరిది. అంబేడ్కర్ జయంతికి పది ఊళ్ళు తిరిగి ప్రశ్నించండి, ప్రశ్నించండి అని చెప్పిన నోరు. ఆ కుర్రాడికి మా విద్యార్థుల వయసుంటుంది. వాణ్ణి ఒక్క మాట అడగడానికి మాకు చెమటలు పట్టినయి. నోరెత్తితే అమ్మకేమవుద్దో అని భయం. ఆ ఉబ్బిన చోటు వదిలేసి పైన ఇంకో చోట గుచ్చి మొత్తానికి మిషను నడిపించాడు.

తిరుగు బస్సులో అమ్మ చెప్పింది. "వాడితో నువ్వు గొడవ పెట్టుకుంటే మంగళారం నన్నెవరు చూస్తార్రా? నువ్వు బళ్ళో ఉంటావు. చెయ్యి నాది."

ఈ మాట మనం కొత్తగా వింటున్నామా? ఆసామితో గొడవ పెట్టుకుంటే రేపు పనికెవరు పిలుస్తారు అని మా నాయన అనేవాడు. ఆ భయంతోనే మన పెద్దవాళ్ళు కొలత తక్కువేసినా, కూలి ఎగ్గొట్టినా తలొంచుకుని వచ్చారు. చేలో ఆ భయాన్ని కొంత వదిలించుకున్నాం. అది పోయి ఆస్పత్రి మంచం పక్కన నిలబడింది. ఇది మనొక్కళ్ళ భయమే అని కూడా అనం. పక్క మంచం మీద పెద్దకులపు ముసలాయన కొడుకూ అక్కడ గొంతు పెంచడు. కాకపోతే ఆయనకి ఫోను చేస్తే పలికే డాక్టరు మేనల్లుడున్నాడు. మన ఫోన్లో అట్టాంటి నెంబరు లేదు.

మిషను ఎవరికి అనే పంచాయితీ ఇప్పటిది కాదు. 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న హాలెండులో, విలెం కోల్ఫ్ అనే డాక్టరు మాంసం కూరి అమ్మే సెలోఫేన్ గొట్టాల్తో మొదటి మిషను చేశాడు. అప్పట్లో అది నాలుగు రోజుల ప్రాణం నిలబెట్టడానికే. 1960లో అమెరికాలో సియాటిల్ నగరంలో స్క్రిబ్నర్ అనే డాక్టరు చేతికి ఎప్పటికీ ఉండే గొట్టం అమర్చే పద్ధతి కనిపెట్టాక, కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్ళు ఏళ్ళ తరబడి బతకొచ్చని తేలింది. కానీ మిషన్లు తక్కువ, రోగులు ఎక్కువ. ఏం చేశారో తెలుసా? ఊళ్ళో పెద్దమనుషులతో 7 గురు సభ్యుల కమిటీ వేశారు. ఒక వకీలు, ఒక పాస్టరు, ఒక బ్యాంకరు, అట్టాంటివాళ్ళు. రోగికి ఉద్యోగం ఉందా, ఆస్తి ఉందా, పెళ్ళాం పిల్లలున్నారా, చదువుందా, చర్చికి వెళ్తాడా అని చూసి ఫలానావాళ్ళకి మిషను, ఫలానావాళ్ళకి లేదు అని తేల్చేవాళ్ళు. ఇళ్ళ స్థలాల లిస్టు రాసే మన ఊరి కమిటీ గుర్తుకొచ్చిందా? 1962లో ఒక పత్రిక ఈ సంగతి బయటపెడితే దేశమంతా గోల పుట్టింది. 1971లో షెప్ గ్లేజర్ అనే రోగి చట్టసభ కమిటీ ముందరే మిషను పెట్టించుకుని, చూడండి మా బతుకు అని సాక్ష్యం చెప్పాడు. 1972లో అక్కడ చట్టం వచ్చింది. కిడ్నీలు పోయిన దాదాపు ప్రతివాడికీ సర్కారు ఖర్చుతో డయాలసిస్. గ్లేజర్ కూడా భయపడే ఉంటాడు. అయినా కమిటీ ముందు కూర్చున్నాడు.

మన దేశంలో ఈ మాట జనం నోట్లోకి వచ్చింది జయప్రకాశ్ నారాయణ్ వల్ల. 1975లో ఎమర్జెన్సీ నిర్బంధంలో ఉండగా ఆయన కిడ్నీలు పాడయినయి. 1979 అక్టోబరు 8న చనిపోయేదాకా డయాలసిస్ మీదే ఉన్నారు. ఆయన మిషను కోసం దేశంలో జనం చందాలు వేశారు. అంత పెద్ద మనిషికే చందాలు కావాల్సి వస్తే మన పేటలో మనిషికి ఎవరేస్తారు? 2007లో ఆరోగ్యశ్రీ వచ్చేదాకా కూలివాడికి కిడ్నీలు పోతే అర ఎకరం ఉంటే అమ్మడం, లేకపోతే ఇంటికి తీసుకొచ్చి మంచాన పడెయ్యడం. మా చిన్నతనంలో 'ఒళ్ళు నీరుపట్టి పోయాడు' అని చెప్పుకున్న మనుషుల్లో ఎందరు కిడ్నీలు పోయి చచ్చారో ఎవరు లెక్క రాశారు?

ఇప్పుడు కార్డుంటే మిషను ఉచితం. 2016లో కేంద్ర బడ్జెట్లో కూడా జిల్లా ఆస్పత్రుల్లో డయాలసిస్ పెడతామని పథకం ప్రకటించారు. మన రాష్ట్రంలో డయాలసిస్ మనిషికి 2019 నుంచి నెలకి 10,000 రూపాయల పింఛను వస్తోంది. పార్టీ మారినప్పుడల్లా ఆరోగ్యశ్రీ అని ఒకరు, ఎన్టీఆర్ వైద్యసేవ అని ఒకరు బోర్డు మారుస్తున్నారు. బోర్డు మీద ఎవరి బొమ్మ ఉన్నా లోపల ఖర్చు మన పన్నులదే. అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టే జనం మనం. కాబట్టి ఎవరికీ రుణపడి లేము. ఈ సంగతి నాలుక చివర కాకుండా ఒంట్లోకి ఎక్కాలి. అది ఎక్కలేదు గనకే ఆ శుక్రవారం మా నోరు పడిపోయింది. ఉచితంగా చేస్తన్నారు కదా, ఇంకేం అడుగుతాం అనే మాట లోపలెక్కడో కూర్చుని ఉంది.

ఉచితం అన్నది కూడా ఎంతవరకు? 2024లోనూ 2025లోనూ బకాయిలు రాలేదని ప్రైవేటు ఆస్పత్రుల సంఘం సేవలు ఆపుతామని ప్రకటించింది. సర్కారుకీ ఆస్పత్రులకీ మధ్య డబ్బు తగాదా. ఆపరేషనయితే వారం వాయిదా వెయ్యొచ్చు. డయాలసిస్ వాయిదా వేస్తే ఊపిరితిత్తుల్లోకి నీరొస్తుంది. ఆ వార్త పేపర్లో వచ్చిన రోజు రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడూ అంతే. అమ్మ పక్క మంచం మనిషి ఒకాయన అటువైపు ఉంటాడు. ఆ వారం రాలేదు. రెండో వారం ముఖమంతా వాచి, ఆయాసపడతా, ఇద్దరి భుజాల మీద వచ్చాడు. పడవల్లో పాల ప్యాకెట్లు పంపినవాళ్ళు మంచివాళ్ళే, కాదనం. ఏ వీధిలో డయాలసిస్ మనిషి ఉన్నాడో ఆస్పత్రుల దగ్గర పేర్లుంటయి. ముందు వాళ్ళని బయటికి తీసుకురావాలని ఒక కాగితం రాసి పెట్టుకోవడానికి సర్కారుకి ఎంత ఖర్చవుతుంది?

ఇక ఏం చేశాం అనేది. పెద్ద పోరాటమేం చెయ్యలేదు, ముందే చెప్తున్నాం.

ఒక 20 రూపాయల నోటుపుస్తకం కొన్నాం. వెళ్ళేముందు బరువు, వచ్చాక బరువు, బీపీ ఎంత, ఎంత నీరు తీశారు, మధ్యలో కాళ్ళు పట్టేసినయ్యా, చలీ జ్వరం వచ్చిందా, సూది ఎన్నిసార్లు గుచ్చారు, తేదీ వేసి రాస్తున్నాం. చెల్లెలు వెళ్ళిన రోజు చెల్లెలు రాస్తుంది. అది ఏడో తరగతిదాకా చదివింది, రాత మాకన్నా గుండ్రంగా ఉంటుంది. మూడోవారంలో తేడా మాకే కనపడింది. టెక్నీషియను పుస్తకం చూసి, "ఇవాళ ఎంత తియ్యమంటారు, పోయినసారి కాళ్ళు పట్టేసినయ్యిగా" అని వాడే అడిగాడు. కోపంగా కాదు, బళ్ళో పిల్లాడు సందేహం అడిగినట్టు అడగడం మొదలెట్టాం. ఈ ఫిల్టరు కొత్తదా, కడిగి వాడుతున్నదా? కడిగిందయితే దాని మీద మా అమ్మ పేరేనా, ఎన్నోసారి? హెపటైటిస్ ఉన్నవాళ్ళకి మిషను వేరుగా ఉందా? అమ్మకి హెపటైటిస్ బి టీకాలు ఎన్ని పడినయి, ఇంకెన్ని పడాలి? నెల నెలా రక్తపరీక్షలో ఏం వచ్చింది? ఇవన్నీ అడగదగ్గ ప్రశ్నలే, అడిగితే తప్పు పట్టేవాళ్ళు చాలా తక్కువ. మేం భయపడినంత ఏం జరగలేదు. ఒకాయన మాత్రం విసుక్కున్నాడు. విసుక్కుంటా జవాబు చెప్పాడు.

రెండో సంగతి, ఒక్కళ్ళం అడగడం మానేశాం. అమ్మ షిఫ్టులో వచ్చేవాళ్ళ తోడుమనుషులం ఐదారుగురం టీ కొట్టు దగ్గర కలుస్తాం. అందులో ముస్లిం ఆటో అతను ఉన్నాడు, ఉయ్యూరు వైపు యాదవుల కోడలుంది. దుప్పట్లు మార్చడం లేదనీ, నర్సు చేతి తొడుగులు మార్చకుండా ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వస్తోందనీ అందరం గమనించాం. తెల్లకాగితం మీద నలుగురం సంతకాలు పెట్టి డాక్టరుకి ఇచ్చాం. తొడుగులు మారుస్తున్నారు. దుప్పట్లు ఇప్పటికీ మనమే తీసుకెళ్ళాలి. నలుగురు సంతకం పెట్టినప్పుడు ఏ మంచం మీద కోపం తీర్చుకోవాలో వాళ్ళకి తెలియదు, అదీ కిటుకు. అక్కడ తేలకపోతే ఆరోగ్యమిత్ర ఉంటాడు, 104కి ఫోను చెయ్యొచ్చు.

వీటికి వెనక చట్టం ఉందని కూడా గుర్తుంచుకోండి. 1992లో బెంగాల్లో హకీం షేక్ అనే కూలి రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలితే, సర్కారు ఆస్పత్రులన్నీ మంచాల్లేవని, సౌకర్యాల్లేవని తిప్పి పంపినయి. ఆయన తరఫున సుప్రీంకోర్టుకి వెళ్ళింది పెద్ద లాయర్ల సంఘం కాదు, వ్యవసాయ కూలీల సంఘం, పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి. 1996లో తీర్పు వచ్చింది. సమయానికి వైద్యం ఇవ్వకపోవడం 21వ అధికరణ కింద జీవించే హక్కుని కాలరాయడమే, డబ్బుల్లేవని సర్కారు తప్పించుకోకూడదు అని కోర్టు చెప్పింది. అట్టాగే 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం రోగిగానీ, రోగి తరఫువాళ్ళుగానీ అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. ఫైలు మాది కాదు, ఆస్పత్రిది అని ఎవరన్నా అంటే ఈ ముక్క చెప్పండి. గొడవ పడక్కర్లేదు, చెప్తే చాలు.

ఆ కుర్రాడి సంగతి కూడా చెప్పాలి. సూది తప్పిన కుర్రాడు. తర్వాత ఒకరోజు టీ కొట్టు దగ్గర మాటలు కలిసినయి. కాంట్రాక్టు ఉద్యోగం. రాత్రి డ్యూటీ చేసి, రావాల్సినవాడు రాకపోతే పగలు కూడా చేస్తన్నాడు. ఒక్కడే ఐదారు మంచాలు చూస్తాడు. వాళ్ళమ్మ కూడా కూలికే పోతుంది. ఏ పేట అని మేం అడగలేదు, వాడే చెప్పాడు. కొట్లాడాల్సింది వాడితో కాదు, ఐదారు మంచాలకి ఒక్కణ్ణి పెట్టి లాభం చూసుకునేవాడితో. అయినా సూది తప్పితే తప్పిందని చెప్పాలి, పెద్దవాణ్ణి పిలవమనాలి. మనవాడు కదా అని ఊరుకుంటే వాచేది అమ్మ చెయ్యే.

ఇంటి దగ్గర జాగ్రత్తల్లో మన పేటలకి బాగా అవసరమైనది ఒకటుంది. మనిషికి జబ్బు చేసిందంటే మనం చేతులూపుకుంటా పలకరించడానికి పోం. కొబ్బరి బోండాలు, అరటిపళ్ళు, బత్తాయిలు పట్టుకెళ్తాం. డయాలసిస్ మనిషికి అవే ప్రమాదం. వాటిల్లో పొటాషియం ఉంటుంది, పనిచెయ్యని కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, రక్తంలో అది ఎక్కువైతే గుండె ఆగిపోవచ్చు. ప్రేమగా బోండాం తాగించి ప్రాణం మీదకి తెచ్చుకున్న ఇల్లు మాకు తెలుసు. డబ్బులుంటే బస్సు ఛార్జీకి ఇచ్చి రండి. ఎండుచేపలు, పచ్చళ్ళు, అప్పడాలు మానిపించడం మా వల్ల కూడా పూర్తిగా కాలేదు. ఉప్పు ఎక్కువైతే దాహం, దాహానికి నీళ్ళు, నీళ్ళకి వాపు. కూర ముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండితే పొటాషియం కొంత పోతుంది. ఆస్పత్రిలో ఇచ్చే చీటీలో ఆపిల్ అని రాసి ఉంటుంది. గుడ్డులో తెల్లసొన మన పేటలో దొరుకుతుంది, అది పెట్టండి. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వమాకండి, సూది మందు వేయించమాకండి, బిగుతు గాజులు వద్దు, బరువు మోయించమాకండి. దాని మీద చెయ్యి పెడితే గుర్రుమని అదరాలి. రోజూ పెట్టి చూడండి. అదరకపోతే మంగళవారం దాకా ఆగకుండా వెంటనే పోవాలి.

ఇక ఆకు పసరు ఇస్తాం మిషను మానెయ్యండి అనేవాళ్ళు, ప్రార్థన చేస్తాం మిషను మానెయ్యండి అనేవాళ్ళు పేటకి ఇద్దరు తయారయ్యారు. ప్రార్థన చేసుకోండి, మా అమ్మ కూడా చేసుకుంటుంది. మిషను మాత్రం ఒక్కపూట మానమాకండి. ఇంకా కొందరు ఆస్పత్రి మెట్ల మీదే తగులుతారు. కిడ్నీ ఇప్పిస్తాం అనేవాళ్ళు, కిడ్నీ ఇస్తే లక్షలొస్తయి అనేవాళ్ళు. కిడ్నీ అమ్మినా కొన్నా 1994 చట్టం ప్రకారం నేరం. అప్పుల్లో ఉన్న మన కుర్రాళ్ళే వాళ్ళ కంటికి ఆనేది. మార్పిడి కావాలంటే జీవన్‌దాన్‌లో పేరు రాయించుకునే దారి ఉంది. మా తమ్ముడు తన కిడ్నీ ఇస్తానన్నాడు. "వాడు మూటలు మోసేవాడు, వాడిది తీసుకుని నేనేం చేసుకుంటా" అని అమ్మ ఒప్పుకోలేదు. ఆ తగువు మా ఇంట్లో ఇంకా తేలలేదు. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ, పుచ్చుకునేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ అని కూడా ఇక్కడ చెప్పుకోవాలి.

ఆడవాళ్ళ సంగతి వచ్చింది కాబట్టి మా చెల్లెలి మాట. మేం బడికి సెలవు పెట్టగలిగింది ఎన్నిసార్లని? నెలలో ఆరేడు సార్లు అదే వెళ్తుంది. వారానికి రెండు కూళ్ళు పోతున్నయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం కావడంతో ఆ ఖర్చు తగ్గింది. మగరోగికి మాత్రం టిక్కెట్టు కొనాల్సిందే. (రైల్లో వచ్చేవాళ్ళు ఆస్పత్రి సర్టిఫికెట్ చూపిస్తే రోగికీ, తోడుమనిషికీ టిక్కెట్టులో రాయితీ ఉంది, అడగండి.) నాలుగు గంటలు మెట్ల మీద కూర్చుని, అమ్మ తిన్నాక మిగిలింది తిని, ఇంటికొచ్చి మళ్ళీ వంట. దానికి బీపీ వచ్చిందని మొన్నే తెలిసింది. దాన్ని ఎవరూ పలకరించడానికి రారు.

బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు మీద తిన్నగా పోతే స్వరాజ్ మైదానంలో 125 అడుగుల బాబాసాహెబు విగ్రహం ఉంది, 2024 జనవరి 19న ఆవిష్కరించారు. మన వాళ్ళందరూ పోయి ఫొటో దిగుతున్నారు. అంత ఎత్తు మనిషి కూడా సుగరుతో, నరాల నొప్పులతో ఏళ్ళ తరబడి బాధపడ్డాడని ఎంతమందికి తెలుసు? 1948లో పెళ్ళాడిన డాక్టరు సవితగారే ఆయన మందులూ తిండీ చూసుకున్నారు. 'బుద్ధుడు, ఆయన ధమ్మం' పుస్తకానికి 1956లో రాసుకున్న ముందుమాటలో, ఆమె వైద్యం తనకి సాయపడిందని బాబాసాహెబు ఒప్పుకున్నారు. ఆయన పోయాక పుస్తకం అచ్చయినప్పుడు ఆ ముందుమాట అందులో లేదు. మా చెల్లెలికి ఈ సంగతి చెప్తే, "ఆయనన్నా రాశాడు" అంది.

మంది కూడితే ఏమవుతుందో మన పక్కనే ఉంది. పాత కృష్ణా జిల్లా, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలంలో లంబాడీ తండాలు. ఇంటింటా కిడ్నీ రోగులు, వరసగా చావులు. మా నీళ్ళు పరీక్ష చెయ్యండి, మాకు కృష్ణా నీళ్ళివ్వండి, డయాలసిస్ కోసం ఇంత దూరం పోలేము, దగ్గర్లో పెట్టండి అని తండాల వాళ్ళు ఏళ్ళ తరబడి అడిగారు, రోడ్డెక్కారు. శవం లేచినప్పుడల్లా ఒక నాయకుడు వచ్చి పోయేవాడు. వాళ్ళు మాత్రం అడగడం ఆపలేదు. అందుకే పైపుల కోసం డబ్బు మంజూరయింది, వైద్యశిబిరాలు వచ్చినయి. శ్రీకాకుళం ఉద్దానంలో కూడా అంతే, రెండు దశాబ్దాలు మొత్తుకుంటే 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. మన డెల్టా పేటల్లో రోగులు విడివిడిగా ఉన్నారు, ఊరికి ఒకరు, ఇద్దరు. అందుకని ఎవరికీ కనపడరు. పామర్రు, మొవ్వ, ఉయ్యూరు, పెనమలూరు వైపు సంఘం బాధ్యులు తమ తమ ఊళ్ళలో డయాలసిస్ మీద ఉన్నవాళ్ళ పేర్లు రాసి పంపమని అడుగుతున్నాం. కులం చూడమాకండి, అందరి పేర్లూ రాయండి. వారానికి ఎన్నిసార్లు, ఎంత దూరం, తోడు ఎవరు, పింఛను వస్తోందా లేదా అనేది కూడా రాయండి. లిస్టు చేతికొస్తే దగ్గర్లోని సర్కారు ఆస్పత్రిలో మంచాలు అడుగుదాం.

వచ్చే మంగళవారం అమ్మకి మళ్ళీ మిషను. ఆ కుర్రాడే ఉంటాడంట. అమ్మ చేతి మీద నలుపు ఇంకా పూర్తిగా పోలేదు. ఈసారి మొదటిసారి తప్పగానే పెద్దతన్ని పిలవమంటామని అమ్మతో ముందే చెప్పాం. కాసేపు మాట్లాడలేదు. "అను, కానీ మెల్లగా అను" అంది.

ఎవరన్నా కలవాలనుకుంటే మంగళ, శుక్రవారాల్లో పొద్దున పదకొండింటికి బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద, పటమట వైపు టీ కొట్ల దగ్గర తోడుమనుషులం ఉంటాం. ఫైలూ, నోటుపుస్తకం తెచ్చుకోండి. బోండాలు తేవమాకండి.